ఉసికె దొంతి నిలిచిన మడుగు

పోయిన సంవత్సరం సండే స్కూల్ టీచర్ల శిక్షణ కూడికకని బాపట్ల వైపు వెళ్లాను. రెండో రోజు భోజనాలయ్యాక అందరం కలిసి సముద్రం చూడబోయాం. పాటు సమయం కావడంతో నీళ్లు చాలా దూరం వెనక్కి తగ్గి, తడి ఇసుకలో అక్కడక్కడా చీలమండలు మునిగేంత గుంటలు మిగిలాయి. ఉప్పు, నాచు, ఎండుతున్న వలలు కలిసిన వాసన గాలిలో బరువుగా ఉంది. చెప్పులు చేత పట్టుకుని ఒక గుంటలో కాలు పెట్టానో లేదో, అరికాలి కింద ఇసుకే ప్రాణం పోసుకున్నట్టు గిలగిలమని వణికి, బొటనవేలి పక్కనుంచి ఏదో సర్రున జారిపోయింది. నాతో వచ్చిన టీచర్లు "పీతేమో, పీతేమో" అంటూ వెనక్కి దూకారు. నేను మాత్రం అక్కడే నిలబడి, ముప్పై దాటిన మనిషినన్న సంగతి మరిచి, పొట్ట పట్టుకుని నవ్వాను. పక్కన వలలు సర్దుకుంటున్న ఒకావిడ తల తిప్పి, "దొందమ్మా, ఇసక దొందు. ఏం సేయదు" అంది.

ఏమీ చేయదని నాకు తెలుసు. వంగి చూశాను. వేలంత పొడుగు, ఇసుక రంగు ఒళ్లు, దాని మీద మసి చుక్కలు, నెత్తిమీదికి జరిగిన రెండు కళ్లు. కాసేపటికి తోక ఆడించి ఇసుకలోకి దిగబడి కళ్లు మాత్రం పైకి పెట్టుకుంది. మా తుంగభద్ర చేపకు ఇది సముద్రపు చుట్టం. ఇది ఉప్పునీళ్లది, మాది మంచినీళ్లది. దేవుడు అయిదో రోజున నీళ్లను జీవులతో నింపినప్పుడు ఈ రెండింటికీ ఒకే దాగుడు నేర్పి, ఒకదాన్ని సముద్రానికీ ఒకదాన్ని మా నదికీ పంపినట్టున్నాడు. మేం దాన్ని ఉసికె దొంతి అనేవాళ్లం. ఉసికె అంటే మాకు ఇసుక.

మా ఊరు అలంపూర్‌కు నాలుగైదు మైళ్ల దూరంలో, తుంగభద్ర ఒడ్డున ఉండేది. వానకాలమంతా నది ఎర్రగా, మా ఊరి హోటల్లో కాగే చాయలా సుడులు తిరుగుతూ పారేది, పెద్దలు మమ్మల్ని ఒడ్డు దరిదాపులకు పోనిచ్చేవాళ్లు కాదు. క్రిస్మస్ నాటికి నీళ్లు తేటపడి, పొద్దున్నే ఆవిరి లేస్తూ, కరిజెలు, అంటే కజ్జికాయలు, కాల్చే నూనె వాసన వాడంతా తిరుగుతున్నప్పుడు, నది కూడా పండుగ బట్టలు కట్టుకున్నట్టు కనబడేది. ఇక ఎండలు ముదిరి ఒంటిపూట బళ్లు మొదలయ్యేసరికి ధార సన్నబడి, సన్నబడి, ఒక రోజు తెగిపోయేది. అప్పుడు నది మాది. మైలు వెడల్పున తెల్లటి ఇసుక, మధ్యలో విడివిడిగా మిగిలిన మడుగులు, ఇసుక మీదనే పాకే దోసపాదులు, కర్బూజ తీగలు, ఆడవాళ్లు చేత్తో తవ్వి కొబ్బరిచిప్పతో ముంచుకునే చెలిమె నీళ్లు. ఆ నీళ్ల తియ్యదనం ఇప్పుడు కొనే ఏ డబ్బా నీళ్లలోనూ లేదని చెప్తే మా ఇంట్లో నవ్వుతారు.

ఆ మడుగుల అడుగున, బురద లేని ఇసుకలో మాత్రమే ఉండేది ఉసికె దొంతి. మిగతా చేపలు నీళ్లలో తేలుతూ షికార్లు చేస్తుంటే దీనికి తేలడం రాదు. నాలుగు జానల దూరం దూసుకుపోతుంది, ఆగితే అడుగుకు దిగుతుంది. పొట్ట కింది రెండు రెక్కలు కలిసిపోయి చిన్న దొప్పలా ఉంటాయి, పట్టి అరచేతిలో పెట్టుకుంటే ఆ దొప్పతో చర్మాన్ని అంటుకుని కూర్చుంటుంది. వెడల్పాటి నోరు, కింది దవడ ముందుకు పొడుచుకొచ్చి, ఎప్పుడూ ఎవరి మీదో అలిగినట్టు ముఖం. రాయి కింద ఆడచేప గుడ్లు పెట్టి పోతే మగచేపే కావలి ఉండి తోకతో నీళ్లు విసురుతుందని మా అవ్వ చెప్పేది. "సూడు, చేపలల్ల గుడ తండ్రి బాధ్యత ఉన్నది. మీ నాయినకు చెప్పు" అని మా నాయన వినేలా అనేది.

అవ్వ అంటే మా నాయన తల్లి, బాలమ్మ. పొట్టి మనిషి, మెడలో నల్లపూసలు, నోట్లో ఎప్పుడూ ఒక లవంగం. దొంతులు పట్టడంలో ఆమెను మించినవాళ్లు మా ఒడ్డున లేరు. వల లేదు, గాలం లేదు, కాళ్లే. చీర మోకాళ్లపైకి చెక్కి, నీళ్లలో నిలబడి, అడుగు ఎత్తకుండా అరికాళ్లను ఇసుక మీద మెల్లగా జార్చుకుంటూ పోయేది. కింద వణుకు తగలగానే బరువంతా ఆ కాలి మీద వేసి, కాలి వెంబడే చెయ్యి దించి, మొప్పల దగ్గర రెండు వేళ్లతో పట్టి పైకి తీసేది. "కాలు ఎత్తినవో, పోయింది. జార్చాలె. దానికి మన కాలు గుడ ఉసికెనే అనిపియ్యాలె" అని నాకు నేర్పింది. సాయంత్రం చింతచిగురు వేసి పులుసు పెట్టేది. మా నాయన ఆ పులుసులో జొన్నరొట్టె తుంచి ముంచి, కళ్లు మూసుకుని తినేవాడు. ప్రభువు తన శిష్యులను చేపలు పట్టేవాళ్లలో నుంచే ఎందుకు పిలిచాడో ఆ ముఖం చూస్తే తెలిసేదని అమ్మ ఎగతాళి చేసేది.

అయితే అవ్వ మోకాలి లోతు దాటి ఎన్నడూ దిగలేదు. చిన్నప్పుడు నీళ్లలో కొట్టుకుపోతున్న దోసకాయ వెంట పరిగెత్తి, అడుగు తెలియని గుంతలో పడి మునిగిందట, వాళ్లన్న జుట్టు పట్టి బయటికి లాగాడట. "కింద కాలుకు ఏం తగల్లేదు బిడ్డా. ఏం తగల్లేదు" అని మాత్రం చెప్పేది, ఆ మాట దగ్గర లవంగం నమలడం ఆగిపోయేది.

ఆ భయం ఆమెకు ఎంత ఖరీదైనదో చెప్పాలంటే మా మందిరం సంగతి చెప్పాలి. మాది నది నీళ్లలో ముంచి బాప్తిస్మం ఇచ్చే సంఘం. నడుము లోతుకు పోవాలి, నిండా మునగాలి. అది తీసుకున్నవాళ్లకే నెలనెలా మొదటి ఆదివారం ప్రభు బల్లలో పాలు, అంటే ఆ రొట్టె ముక్క, ఆ ద్రాక్షరసం. అవ్వ పెళ్లయి వచ్చిన నాటినుంచి విశ్వాసి. పాటలన్నీ నోటికి వచ్చు, ఉపవాసాలు ఉండేది, ఎవరికి జ్వరమొచ్చినా పోయి మంచం పక్కన కూర్చుని ప్రార్థించేది. బాప్తిస్మం మాత్రం లేదు. పైగా ఆ బల్ల మీది రొట్టెను చేసేదే ఆమె. శనివారం సాయంత్రం తలస్నానం చేసి, అయ్యగారమ్మ పంపిన గోధుమపిండి కలిపి, పెనం కొత్తగా తోమి, మూడు రొట్టెలు మచ్చ పడకుండా కాల్చి తెల్లగుడ్డలో చుట్టేది. అయ్యగారంటే మా పాస్టరుగారు, అయ్యగారమ్మ ఆయన భార్య. ఆ పిండిలో నుంచి చిటికెడు కూడా నోట్లో వేసుకునేది కాదు, నన్నూ వేసుకోనిచ్చేది కాదు. మర్నాడు మందిరంలో వెనక చాప మీద పిల్లల మధ్య కూర్చునేది. పళ్లెం ఒక్కొక్కరి చేతిలోంచి మా వైపు వస్తుంటే తెలియకుండానే కొంగు సర్దుకునేది. పళ్లెం మా ముందు వరుస దగ్గర ఆగి వెనక్కి తిరిగేది. నేను ఆమె ఒళ్లోనే కూర్చునేదాన్ని కనుక, ఆ క్షణంలో ఆమె ఊపిరి బిగబట్టడం నా వీపుకు తెలిసేది.

రెండుసార్లు పేరు ఇచ్చింది. మొదటిసారి ఒడ్డు దగ్గరే కూలబడింది. రెండోసారి మోకాళ్ల దాకా దిగి, తెల్లచీరతో వెనక్కి తిరిగి, ఎవరి ముఖమూ చూడకుండా ఇంటికొచ్చేసింది. "చెంబుతోని నెత్తి మీద పోయరాదా అయ్యగారూ, దేవునికి తెల్వదా" అని అడిగింది. ఆయన నవ్వి, "దేవునికి తెలుసు బాలమ్మా. నీకే తెలియాలె" అన్నాడు. వాడలో ఆమె వరసవాళ్లు ఊరుకుంటారా! "మా వదినెకు మోకాళ్ల దాంక రక్షణ అయ్యింది, పైది బాకీ ఉన్నది" అని మా నాయన మేనత్తలు ఆటపట్టిస్తే అవ్వ కూడా నవ్వేది. శనివారం రొట్టెలు కాల్చేటప్పుడు మాత్రం నవ్వేది కాదు.

నా దోస్తు రజియా వాళ్ల ఇల్లు మా వాడ చివర. రంజాన్‌కు వాళ్లింటి సేమియా గిన్నె మాకొచ్చేది, క్రిస్మస్‌కు మా కరిజెల గిన్నె వాళ్లకు పోయేది, గిన్నెలు ఎవరివో మా అమ్మలకే తెలియకుండా కలిసిపోయాయి. మేమిద్దరం ఒకే బడి, ఒకే కచ్చకాయల జట్టు, ఒకే మడుగు. నేను సండే స్కూల్‌లో యోనా కథ విని వచ్చి చెప్తే, "మా యూనుస్ నబీ గదా, నాకు ముందే తెల్సు" అనేది. ఆ పెద్ద చేప ఏ చేప అని మాకు వాదన. రజియా మొసలంత కొర్రమట్ట అనేది. నేను ఉసికె దొంతి అనేదాన్ని, నోరు వెడల్పు కనుక. "గా దొంతి నోట్లె యూనుస్ నబీ చిటికెన వేలు గుడ పట్టదు" అని అది పకపక నవ్వేది.

నాకు పదకొండో ఏడు నడుస్తున్న ఆ ఎండకాలం, ఈస్టర్‌కు బాప్తిస్మం తీసుకునేవాళ్ల పేర్లు మట్టల ఆదివారం నాడు చదివారు. మూడు పేర్లు. చివరిది అవ్వది. మందిరంలో ఎవరో చిన్నగా దగ్గారు. ఇంటికి వస్తూ అవ్వ నా చెయ్యి పట్టుకుని, "ఈసారి పోకుంటే ఇంక ఎన్నడు పోను రూతూ. ఎన్నిసార్లని నవ్వులపాలయ్యేది" అంది. ఆమె చెయ్యి ఎండలోనూ చల్లగా ఉంది.

ఆ ఏడు నదిలో నడుము లోతున్న మడుగు ఒక్కటే మిగిలింది, నల్లగుండు అనే పెద్ద బండ పక్కన ఉండేది కనుక గుండు మడుగు అనేవాళ్లం. అవ్వకు అదే పెద్ద బెంగ. అంతకు ముందు ఎండకాలం ఇసుక ట్రాక్టర్లు ఆ చుట్టుపక్కల తవ్వి పోయాయి. "యాడ గుంత ఉన్నదో, యాడ బురద ఉన్నదో ఎవనికి తెల్సు" అని రోజుకు నాలుగుసార్లు అనేది. సంఘ పెద్ద అయిన మా నాయన పొడుగాటి కట్టెతో మడుగంతా కొలిచి వచ్చి, గుంత లేదని చెప్పాడు. "కట్టెకు ఏం తెలుస్తదిరా" అంది అవ్వ.

అదే వారం మేం రోజూ ఆడుకునే చిన్న మడుగు ఎండిపోతుండటం రజియా చూసింది. నీళ్లు చీలమండల లోతుకు వచ్చాయి. దొంతులన్నీ నడిమధ్యకు చేరి, ఒకదాని మీద ఒకటి పడి, కళ్లు పైకి పెట్టి చూస్తున్నాయి. ఒడ్డున కొంగలు వరసగా పెళ్లివిందుకు వచ్చినట్టు నిలబడ్డాయి. నేను అప్పుడే సండే స్కూల్‌లో నోవహు ఓడ బొమ్మకు రంగులు వేసి ఉన్నాను. ఇంకేం కావాలి! మా అమ్మ అటక మీద పడేసిన ప్లాస్టిక్ బిందె ఓడ అయింది, రజియా దుపట్టా దానికి మూత. బుధ, గురువారాలు బడి విడిచినాక, గుడ్ ఫ్రైడే నాడు ఏడు మాటల ఆరాధన అయిపోయినాక, నెత్తి మాడే ఎండలో ఒక్కొక్కటే పట్టి, కారే బిందెను చెరో పక్క పట్టుకుని, కాలుతున్న ఇసుక మీద గెంతుకుంటూ గుండు మడుగులో వదిలాం. మూడు రోజులకు నలభై పైనే అయ్యాయి. నీళ్లలో పడగానే అవి అడుగుకు జారి, తోక ఆడించి మాయమయ్యేవి. "ఖుదా హాఫిజ్" అని రజియా చెయ్యి ఊపేది. నేను ఆమెన్ అనేదాన్ని.

మేం చేసిన ఘనకార్యం ఎంతటిదో శనివారం సాయంత్రం తెలిసింది. బాప్తిస్మాల తర్వాత ఒడ్డున జరిగే ప్రేమ విందుకు ఏటా చేపల పులుసు ఆనవాయితీ. ఆ పులుసుకు మా నాయన లెక్క వేసుకున్నది ఆ చిన్న మడుగు చేపలనే. వల భుజాన వేసుకుని పోయి, ఖాళీ గుంట చూసి, వలతోనే తిరిగొచ్చాడు.

"ఏందే అమ్మా, ఒక్కటి లేదు. మొన్ననే కుప్పలు కుప్పలు ఉండె. కొంగలు గిన్ని తింటయా?"

"కొంగలు గుడ ఉపవాసం ఇడిసినయేమో" అంది అవ్వ రొట్టెపిండి కలుపుతూ, నవ్వకుండా. నేను పుస్తకంలో తలదూర్చాను. మర్నాటి విందుకు చింతచిగురు పప్పు అని అమ్మ తేల్చింది.

ఈస్టర్ తెల్లవారుజామున సమాధుల దగ్గర దీపాలు పెట్టి, ప్రభువు లేచాడని పాడి, మందిరం ముందు వేడి ఉగ్గాని తిని, డోలక్, తాళాలతో అందరం నదికి బయల్దేరాం. పొద్దు అప్పుడే పొడిచి ఇసుక మీద గులాబీ రంగు పడింది. ఆడవాళ్ల నెత్తిన వంట గిన్నెలు, మగవాళ్ల భుజాన చాపలు, మధ్యలో తెల్లబట్టల్లో ముగ్గురు. అవ్వ పెదవులు కదులుతూనే ఉన్నాయి, ప్రార్థనో లవంగమో చెప్పలేను. రజియా మా కంటే ముందే వచ్చి నల్లగుండు మీద కాళ్లు వేలాడేసుకుని కూర్చుంది.

అయ్యగారు ముందు నీళ్లలోకి దిగి నడుము లోతులో నిలబడ్డాడు. మొదట మా వాడ యువకుడు దేవయ్య దిగాడు. నాలుగడుగులు వేశాడో లేదో, "అబ్బో!" అని గాల్లోకి ఎగిరాడు. అందరూ నవ్వారు. ముఖం ఎర్రబడి, మునిగి, లేచి, పరుగున ఒడ్డుకు చేరాడు. తర్వాత అతని పెండ్లాం దిగింది. ఆమె ఎగరడం కాదు, కేకే పెట్టింది. "కాళ్ల కింద ఏందో పాకుతున్నది అయ్యగారూ! పామే, పామే!"

పాట ఆగిపోయింది. మా నాయన కట్టె అందుకున్నాడు. అయ్యగారు మాత్రం కదలకుండా ఆ పిల్ల చెయ్యి గట్టిగా పట్టుకుని, బాప్తిస్మం ఇచ్చి పంపించాడు. కాని ఆయన కూడా కింది నీళ్లలోకే చూస్తున్నాడు. నేను అవ్వ వైపు చూశాను. ఒక అడుగు వెనక్కి పడింది. ఇంకో అడుగు పడితే ఆమె మళ్లీ ఆ ఇసుక దాటి ఇంటికి పోతుంది, ఇక ఎన్నడూ రాదు, వెనక చాప మీదనే ఆమె ఊపిరి అలా బిగబట్టి బిగబట్టి అయిపోతుంది. నల్లగుండు మీద రజియా రెండు చేతులతో నోరు మూసుకుని నన్నే చూస్తోంది.

"పాము గాదు!" అని అరిచాను. "ఉసికె దొంతులు! పాము గాదు, దొంతులు!"

అవ్వ ఆగింది. నా వైపు తిరిగింది.

"దొంతులా? గుండు మడుగులనా?"

తల ఊపాను. అవ్వ లవంగం పక్కకు ఉమ్మేసింది. చీర కుచ్చిళ్లు చెక్కి నీళ్లలోకి దిగింది. అడుగు ఎత్తలేదు. పులుసు చేపలు పట్టే రోజుల్లో లాగే అరికాళ్లను జార్చుకుంటూ, తల వంచి, కాళ్లతో వింటున్నట్టు పోయింది. చీలమండలు, పిక్కలు, మోకాళ్లు. అక్కడ ఆగింది. ఆమె కుడికాలు ఇంకో జానెడు ముందుకు జారింది. ఉన్నట్టుండి భుజాలు కదిలాయి. ఏడుస్తోందేమో అనుకున్నాం. నవ్వుతోంది.

"ఉన్నయ్ అయ్యగారూ! ఉన్నయ్! ఒకటి గాదు, గుంపే ఉన్నది. కింద ఉసికెనే!"

అంటూనే తొడలు, నడుము, అంతా నీళ్లలోకి పోయింది. అప్పుడు నాకు తట్టింది. ఆ చేపలు అక్కడివి కావు. మా బిందెలో వచ్చినవి. అవ్వ నమ్ముకున్న గుర్తు దేవుడు పెట్టింది కాదు, నేనూ రజియా పెట్టింది. ముందు ఎక్కడో ట్రాక్టరు గుంత ఉంటే?

"అవ్వా!" అని పిలిచాను.

ఆమె తిరిగి చూసింది. అంత సంతోషం ఆమె ముఖంలో నేను అంతకు ముందు చూడలేదు. "ఏందే?"

"ఏం లే" అన్నాను.

అయ్యగారు తండ్రి కుమార పరిశుద్ధాత్మల పేరు పలికి ఆమెను వెనక్కి వంచాడు. నెరిసిన జుట్టు ఒక్క క్షణం నీళ్ల మీద తేలి మునిగింది. లేచి, దగ్గి, ముక్కు చీది, కళ్లు తుడుచుకుని, "గింతేనా?" అంది. ఒడ్డున నవ్వులు, హల్లెలూయాలు, డోలక్ అన్నీ ఒక్కసారే మోగాయి. నాయన మేనత్త ఒకామె, "మొత్తం అయిపాయె, బాకీ తీరె" అని కేక వేసింది.

చీర అడ్డం కట్టుకుని అవ్వ తడిబట్టలు మార్చుకుంటుంటే దానివెనక దూరి అంతా చెప్పేశాను. నోవహు ఓడ, కారే బిందె, నాయన ఖాళీ వల, చివరికి ఏం లే అన్న అబద్ధం. చెప్తూ ఏడ్చాను. ఏడుస్తూ, "నిజం దొంతులు గావు అవ్వా, మేం ఏసినయ్" అన్నాను. నా పాపం వల్ల ఆమె బాప్తిస్మం చెల్లకుండా పోతుందేమోనని నా భయం.

అవ్వ జుట్టు పిండుకుంటూ అంతా విన్నది. తర్వాత నా గదవ పట్టి పైకెత్తింది.

"ఎన్ని దినాలాయె ఏసి?"

"బుధారం, గురువారం, నిన్నగాక మొన్న."

"మరి నువ్వు తెచ్చి ఏసినవ్ గని, ఉండుమని నువ్వు చెప్పినవా? బురదుంటే అది నిలుస్తదా? ఒడ్డు పట్టుకుని యాడికన్న పోతుండె. ఉసికె ఉన్నది, నిలిచింది. ఉసికె నువ్వు ఏసినవా, రజియమ్మ ఏసిందా?"

నేను తల అడ్డంగా ఊపాను.

"మరి! తెచ్చుడే మీది. అయినా ఏం లే అంటివి సూడు, గది తప్పు. గుంత ఉంటదని నీకు అనుమానం వస్తే నోరు తెరిచి చెప్పాలె. నేను భయపడితే నా భయం నేను పడుదును. గా తప్పు రాత్రికి మోకాళ్ల మీద ఒప్పుకో." అని కొంగుతో నా ముక్కు తుడిచి, "నీ నాయినకు మాత్రం ఇప్పుడే చెప్పకు. పప్పు తిననీ" అంది.

ఆ మధ్యాహ్నం ఇసుక మీద చాపలు పరుచుకుని చింతచిగురు పప్పు తిన్నాం. రజియాకు అవ్వే వడ్డించింది, నెయ్యి రెండు చుక్కలు ఎక్కువ వేసి. మగవాళ్లు పులుసు లేదని గొణుగుతూనే మూడోసారి వడ్డించుకున్నారు. మరో నెలకు గాని నాయనకు సంగతి తెలియలేదు. తెలిసినాక ఆయన నాతో ఒక పూట మాట్లాడలేదు, రెండో పూట నవ్వాపుకోలేకపోయాడు.

తర్వాతి నెల మొదటి ఆదివారం అవ్వ వెనక చాప మీద కూర్చోలేదు. పెద్దవాళ్ల వరసలో, గోడ పక్కన కూర్చుంది. నేను చోటు వదిలి ఆమె వెనకాలకు జరిగాను. పళ్లెం వచ్చింది. కొంగు సర్దుకుంది. ఈసారి పళ్లెం తిరిగిపోలేదు. రెండు చేతులా రొట్టె ముక్క తీసుకుని, చాలాసేపు కళ్లు మూసుకుని, నోట్లో వేసుకుంది. అందరి తలలూ ప్రార్థనలో వంగి ఉన్నాయి. ఆమె భుజం వణకడం చూసి నాకూ కళ్లు నిండాయి. అప్పుడు ఆమె మెల్లగా వెనక్కి వాలి, నా చెవిలో అంది:

"రూతూ, ఉప్పే లేదు గదనే. ఇన్నేండ్ల సంది గిట్లనే తింటున్నరా? ఒక్కలన్న చెప్పద్దా!"

పక్కన ఉన్న నాయన మేనత్త ప్రార్థనలోనే కిసుక్కుమంది. ఆ సంధ్యవేళ ఇంట్లో అమ్మ, నాయన, నేను తలచుకుని తలచుకుని నవ్వాం. అవ్వ మాత్రం సీరియస్‌గా, వచ్చే నెల పిండికి ఎంత ఉప్పు పడుతుందో వేలితో చూపించింది.

ఆమె ప్రభువు దగ్గరికి వెళ్లి తొమ్మిదేళ్లయింది. అంతకు ముందే 2009లో వచ్చిన వరద మా పాత వాడను తీసుకుపోయింది. ఇప్పుడు మా వాళ్లంతా ఎత్తు మీద, కొత్త కాలనీలో ఉంటున్నారు. వరద మిగిల్చిన ఇసుకను లారీలు మిగల్చలేదు. పోయిన ఎండకాలం నేను వెళ్లి మోకాళ్ల దాకా దిగి చూశాను. అడుగున బండలు, బండల మధ్య మెత్తటి బురద. కాలు ఎంత జార్చినా ఏమీ తగల్లేదు. చెలిమెలు లేవు, ఇసుక మీది కర్బూజ తీగలు లేవు. మందిరం వెనక చక్కటి సిమెంటు తొట్టి కట్టారు. మెట్లు, పట్టుకోవడానికి స్టీలు కడ్డీ, నల్లా తిప్పితే నీళ్లు. అరగంటలో బాప్తిస్మాలయి అందరూ ఇళ్లకు పోతారు. ఎవరూ భయపడరు, ఎవరూ ఎగరరు. అది కూడా దేవుని మేలేనని ఒప్పుకుంటాను. అక్కడ మునిగి లేచినవాళ్ల ముఖాల్లోనూ అదే వెలుగు చూశాను.

వనపర్తిలో మా ఇంట్లో మొన్న రాత్రి భోజనాల తర్వాత ఈ సంగతంతా నా బిడ్డకు చెప్పాను. దానికి ఎనిమిదేళ్లు. నదిని బస్సు కిటికీలోంచి తప్ప చూసింది లేదు. అంతా విని, అవ్వ ఉప్పు మాటకు పడీ పడీ నవ్వి, తర్వాత ఆలోచనలో పడింది.

"అమ్మా, మరి చేప కాలు కింద ఉంటే ఎట్లుంటది?"

దాని కాలు నా ఒళ్లోకి లాగి, అరికాలి కింద నా అరచెయ్యి పెట్టి, నాలుగు వేళ్లూ ఒక్కసారిగా గిలగిలా ఆడించాను. అది కీచుమని అరిచి, కాలు గుంజుకుని, మంచం మీద ఈ చివరినుంచి ఆ చివరికి దొర్లింది. కాసేపటికి కాలు మళ్లీ తెచ్చి నా ఒళ్లో పెట్టింది.

"గట్లనే" అన్నాను. "అచ్చం గట్లనే ఉంటది బిడ్డా."